పందిరి గుంజ కింద చుక్కల గీత

అది తొంభై మూడో సంవత్సరం, ఎండాకాలం. ఊరు చంద్రపూర్. దేశం తలుపులు బార్లా తెరిచిందని రేడియో రోజూ చెబుతోంది. మా చంద్రపూర్‌లో మాత్రం ఎండకు భయపడి అందరం తలుపులు మూసుకుని కూర్చున్నాం. ఆ ఎండ ఎరగనివాళ్ళ కోసం ఒక్క మాట చెబుతాను: మే నెలలో మా దగ్గర నీడకు కూడా వడదెబ్బ తగులుతుంది. కాకులు ఎగరడం మానేసి నడిచి వెళ్ళేవి. నా కళ్ళతో చూశాను. నమ్మకపోతే ఆ కాకులనే అడగండి.

నేనప్పుడు పురావస్తు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. అంటే తవ్వకాల్లో బయటపడ్డదాన్ని కొలిచి, స్కేలుకు తగ్గించి, కాగితం మీద గీసేవాణ్ణి. మా నాయన బల్లార్‌పూర్ బొగ్గు గనిలోకి దిగి నల్లబడ్డాడు. నేను భూమి మీదనే నిలబడి అంతకంటే నల్లబడ్డాను. ఇల్లు బల్లార్‌పూర్ పక్కనే ఉన్న బామ్నిలో. చదువు మరాఠీలో, తిట్లు హిందీలో, ఆకలి మాత్రం తెలుగులో.

మా సైటు విసాపూర్ అవతల, వార్ధా నది ఒడ్డున ఒక గడ్డ. రాతలు, రాజులు లేని రోజుల్లో, ఇంకా ఇనుము ముఖం కూడా చూడని మనుషులు గుడిసెలు వేసుకుని బతికిన చోటు. దాన్ని సర్కారు రక్షిత స్మారకమని ప్రకటించింది. స్మారకం అనగానే చంద్రపూర్ వాళ్ళకు కోటగోడ గుర్తొస్తుంది. ఊరి చుట్టూ గోండు రాజుల గోడ ఉంది మరి. మా గడ్డకు గోడ లేదు, కందకం లేదు, కనీసం ముళ్ళకంప లేదు. మా వృత్తిలో దీన్ని ఓపెన్ సెటిల్‌మెంట్ అంటారు. అంటే ఆ కాలపు జనం చుట్టూ ఏ అడ్డూ కట్టుకోకుండా ఉన్న ఊరు. ఆదివారం పిల్లాజెల్లాతో చూడటానికి వచ్చినవాళ్ళు గడ్డ నడినెత్తిన నిలబడి, "స్మారకం ఎటు పోవాలి సార్?" అని నన్నే అడిగేవాళ్ళు.

మా శాఖ కూడా ఆ పాతకాలపు మనుషుల పద్ధతిని గౌరవించి కంచె వెయ్యలేదు. అసలు సంగతి వేరే. కంచె వెయ్యాలంటే స్తంభాలకు గుంతలు తవ్వాలి. రక్షిత స్థలంలో గుంత తవ్వాలంటే అనుమతి కావాలి. అనుమతి ఇవ్వాల్సిన పెద్దమనిషి, "కంచె కూడా లేని చోట తవ్వకం ఎంతవరకు క్షేమం?" అని రాసి పంపాడు. ఆ ఫైలు అలా తిరిగి తిరిగి చివరకు కంచెకంటే పొడుగైంది.

ఉన్నదల్లా ఒక నీలం బోర్డు. ఇక్కడ తవ్వినవాళ్ళకు జైలు, జరిమానా అని దాని మీద ఎంత పొడుగ్గా రాశారంటే, చదవడం పూర్తయ్యేసరికి సగం శిక్ష అనుభవించినట్టే. పక్కనే ఉన్న పల్లె తెలుగు పల్లె. నిజాం కాలంలో నది దాటి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. బోర్డు మీద తెలుగు లేదు. ఉన్నా లాభం లేదు, ఆ పల్లెలో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేవాళ్ళు లేరు. ఆ బోర్డును నిజంగా వాడుకున్నవి మేకలు. దాని నీడలో కూర్చుని నెమరు వేసేవి.

మా తవ్వకానికి అధికారి పాఠక్ సాహెబ్. నాగ్‌పూర్ మనిషి. ఆయన టోపీ అంచు ఎంత వెడల్పంటే, ఆయన వంగితే ట్రెంచ్ మొత్తానికి మబ్బు పట్టేది. ట్రెంచ్ అంటే మేము కొలిచి, దారాలు కట్టి, తవ్వే నలుచదరపు గుంట. సాహెబ్‌కు తెలియని విషయం ఉండేది కాదు. ఉన్నా ఆయన దాన్ని గుర్తించేవాడు కాదు. మాకిద్దరికీ ఒకే ఒక్క తగాదా, గీత గురించి. ట్రెంచ్ పక్కగోడలో మట్టి పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఆ నిలువు కోతను సెక్షన్ అంటారు, దాన్ని గీయడం నా పని. ఒక పొర ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో స్పష్టంగా ఉంటే నిండు గీత గీయాలి. తేల్చలేని చోట చుక్కల గీత గీయాలి.

"చుక్కల గీత అంటే డ్రాఫ్ట్స్‌మన్‌కు భయం పట్టుకుందని అర్థం, శంకర్," అనేవాడు సాహెబ్. "నా సెక్షన్‌లో చుక్కలు కనపడొద్దు."

అలా చుక్కల్లేకుండా బతుకుతుండగా, ఒకరోజు ట్రెంచ్ అడుగున నాలుగు నల్లటి గుండ్రటి మచ్చలు తేలాయి. నాలుగూ చక్కగా నాలుగు మూలల్లో. పోస్ట్‌హోల్స్ అంటారు వాటిని. ఎప్పుడో గుంజ పాతిన గుంతలు. గుంజ పుచ్చిపోయినా, పీకేసినా గుంత నిండిన మట్టి మెత్తగా, వేరే రంగులో మిగులుతుంది. గోడల్లేని, రాతి పునాదుల్లేని ఊళ్ళో ఇల్లు ఉండేదనడానికి అదొక్కటే సాక్ష్యం.

సాహెబ్ టోపీ తీశాడు. ఆయన టోపీ తియ్యడం నేను అదే మొదటిసారి చూశాను.

"శంకర్, ఇది మామూలు గుడిసె కాదు. ఇంత ఎడం చూడు. ఇది ఈ ఊరి పెద్ద కొలువుదీరిన మండపం!"

ఆ సాయంత్రమే జీపులో బల్లార్‌పూర్ ఎస్టీడీ బూత్‌కు వెళ్ళాం. అప్పట్లో ఆ పసుపుపచ్చ బూతులు వానకు పుట్టగొడుగుల్లా లేచాయి. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగులు పెడుతుంటే సాహెబ్ నాగ్‌పూర్‌లోని పై అధికారికి మండపాన్ని వర్ణించాడు. ట్రెంచ్‌లో నాలుగు గుంతలతో మొదలైన మండపం, బూత్‌లో మాట్లాడి ముగించేసరికి రాజదర్బారైంది.

వింతేమిటంటే పల్లె జనం వరసగా వచ్చి ఆ గుంతలు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. రోజూ గుక్క తిప్పుకోకుండా ప్రశ్నలు వేసే జనం! ఆడవాళ్ళయితే కొంగు నోట్లో కుక్కుకుని మరీ వెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నం రాజవ్వ మజ్జిగ చెంబుతో వచ్చింది. గడ్డకు ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు ఆమెదే. నలభై దాటి ఉంటుందేమో. మిరపతోట ఒంటిచేత్తో చేసే మనిషి. సాహెబ్ జీపులో కునుకు తీస్తున్నాడు.

"ఇగో కొడుకా, ఈ గుంతలు ఎప్పుడు పూడుస్తరు?"

"పని అయినంక పూడుస్తం చిన్నమ్మా. ఏం, మ్యాకలు పడ్తయనా?"

"మ్యాకలకు కండ్లున్నయి." ఆమె జీపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "గది నా పెండ్లి గుంత కొడుకా."

నా నోట్లో ఉన్న మజ్జిగకు ఎటు పోవాలో తెలియక ముక్కుదారి పట్టింది.

ఆమె చెప్పింది ఇది. పల్లెలో ఇళ్ళ మధ్య జాగా లేదు. చుట్టూ నల్లరేగడి. ఒక్క వాన పడితే మోకాళ్ళ దాకా దిగబడే నేల. గట్టిగా, ఎత్తుగా ఉన్నది ఈ గడ్డ ఒక్కటే. అందుకని పెళ్ళి పందిళ్ళు ఇక్కడే వేస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో తావు. రాజవ్వ తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. ఆమె పెనిమిటి పోచయ్య ఇల్లరికం వచ్చాడు. ఆమె పందిరి ఇక్కడే వేశారు, ఆమె తల్లి పందిరీ ఇక్కడే.

"తల్లి గుంజ నిలవడ్డ గుంతలనే బిడ్డ గుంజ నిలవడాలె. మా ఇంట్ల గదే రివాజు. వచ్చే శుక్కురారం నా సుజాత లగ్గం. మొదటి గుంజ ఏడ నాటాలె నేను? మీరేమో మంచిగ తవ్వి, కాయితం కప్పి, చుట్టూ దారాలు కట్టిన్రు."

"సాహెబ్‌కు చెప్పరాదా చిన్నమ్మా?"

"చెప్తే? గా బోర్డు మీద ఏమున్నదో సుజాత సదివి చెప్పింది. తవ్వినోళ్ళకు జైలంట. బిడ్డ లగ్గం నాడు తల్లి జైల్ల ఉంటే మంచిగుంటదా?" చెంబు చేతికి తీసుకుని లేచింది. "నువ్వు మనోనివి. ఆయనకు చెప్పకుంటనే తెలిసేటట్టు చెయ్యి."

ఈ పని నాకు ఏ ఉద్యోగంలోనూ ఎవరూ అప్పజెప్పలేదు. అయినా ప్రయత్నించాను. సాయంత్రం సాహెబ్ మంచి ఊపులో ఉన్నప్పుడు గొంతు సవరించుకుని, "సార్, ఈ కొలతలు చూస్తుంటే అచ్చం పెళ్ళి పందిరిలా లేదూ?" అన్నాను.

సాహెబ్ నా భుజం మీద చరిచాడు. "భేష్! ఇదీ ఆలోచనంటే! మండపంలో ఊరంతా కలిసి ఉత్సవాలు చేసుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళు కూడా. రిపోర్టులో రాద్దాం." రాజదర్బారుకు ఇప్పుడు కల్యాణమండపం కూడా తోడైంది. అంతా నా చలవే.

రాజవ్వ ఇంట్లోనూ పోరు తక్కువగా లేదు. సుజాత బల్లార్‌పూర్‌లో చదువుకున్న పిల్ల. ఆ ఏడే అక్కడ కొత్త టెంట్ హౌస్ తెరిచారు. ఇనుప పైపులు, రంగురంగుల బట్ట, పైన గిర్రున తిరిగే లైట్లు.

"అమ్మా, గుంత లేదు, గింత లేదు. పైపులు ఊకె నేల మీద నిలవడతయి. కొత్తగ ఎంత మస్తుంటది! ఈ గుంజల గోల సోడూన్ దే నా!" అని మరాఠీ కలిపి బతిమాలుతోంది. వదిలెయ్యమని.

"పైపుల కింద బువ్వ తింటరు పిల్లా. లగ్గం గుంజ కాడ అయితది," అంది రాజవ్వ.

మరుసటి పొద్దున సాహెబ్ మొదటి గుంతను తానే తవ్వుతానని దిగాడు. పోస్ట్‌హోల్‌ను హాఫ్ సెక్షన్ చేసి తవ్వుతారు. అంటే లడ్డూను కోసినట్టు సగానికి కోసి, ఒక సగం మట్టి తీసేస్తారు. మిగిలిన సగంలో పొరలు నిలువుగా కనిపిస్తాయి. సాహెబ్ చిన్న తాపీతో గోకుతున్నాడు. నేను గొడుగు పట్టుకుని నా ఇష్టదైవాలకు హాజరుపట్టీ పిలుస్తున్నాను. తాపీకి ఏదో తగిలి టింగుమంది.

సాహెబ్ దాన్ని బ్రష్‌తో తుడిచాడు. ఉమ్మి తడి చేసి మళ్ళీ తుడిచాడు. పచ్చగా మెరిసింది. ఒకవైపు తామరపువ్వు, ఇంకోవైపు మూడు సింహాలు. మన ఇత్తడి ఇరవై పైసల బిళ్ళ. చిన్నప్పుడు దాంతో నేను బఠాణీలు కొనుక్కునేవాణ్ణి.

సాహెబ్ ముఖంలో నాలుగు పొరలు కనిపించాయి. పైన ఆశ్చర్యం, దాని కింద అనుమానం, ఇంకా కింద అవమానం, అన్నిటికంటే అడుగున నవ్వు. కానీ ఆ పొర బయటపడటానికి చాలాసేపు పట్టింది.

"ఎవరు?" అన్నాడు. "రక్షిత స్థలంలో గుంత తవ్వింది ఎవరు? నేను నాగ్‌పూర్‌కు చెప్పేశాను! ఇప్పుడు పోలీసులకు రాయాలి. రాయకపోతే నా మెడకు చుట్టుకుంటుంది!"

గడ్డ కింద నుంచి రాజవ్వ వస్తోంది. ఆమె నీడలో సరిగ్గా ఇమిడిపోయి పోచయ్య వస్తున్నాడు. గనిలో డ్యూటీ దిగి వచ్చాడేమో, కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. సాహెబ్ మరాఠీలో, రాజవ్వ తన బజారు మరాఠీలో మాట్లాడుకున్నారు. నేను ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

పోచయ్య ముందుగా దండం పెట్టాడు. "సాబ్, నేను ఇల్లరికపోన్ని. గుంత నేను తవ్వలే. నేను వచ్చేటాల్లకే తవ్వి ఉన్నది."

"నువ్వు జరగయ్యా," అంది రాజవ్వ. "సారూ, గది నా పెండ్లి పందిరి గుంత. తవ్విపిచ్చింది మా నాయన. ఆయన లేడు. కేసు పెడితే నా మీద పెట్టున్రి. కాకపోతే శుక్కురారం నా బిడ్డ లగ్గమున్నది, గది దాటినంక పెట్టున్రి."

సాహెబ్ కోపంగా ఏదో అనబోయి, చేతిలో బిళ్ళను చూసుకుని ఆగాడు. ఎంతైనా పురావస్తు మనిషి. ప్రశ్న వేయకుండా ఉండలేడు. "ఈ పైసలు గుంతలో ఎందుకు వేశారు?"

"ఉత్తగ గుంజ నాటుతరా? పసుపు, నవధాన్యాలు, పాల సుక్క, ఒక పైస. ముందుగాల భూమికి ఇంత ఇయ్యక, మోసుడు మాత్రం నువ్వు మొయ్యమంటే ఎట్ల?" ఆమె మా పెద్ద ట్రెంచ్ వైపు చూపించింది. "మీరు గింత లోతు తవ్విన్రు. మల్ల పూడ్చేటప్పుడు ఏం ఎయ్యరా?"

సాహెబ్ నా వైపు చూశాడు. నేను గొడుగు వైపు చూశాను.

వేస్తాం. చాలా తవ్వకాల్లో ఉన్న పద్ధతే అది. ట్రెంచ్ పూడ్చే ముందు అడుగున ఆ కాలపు నాణెం ఒకటి ఉంచుతారు. రేపెప్పుడో ఇంకొకరు తవ్వితే, ఇక్కడిదాకా మాకంటే ముందు ఎవరో వచ్చి వెళ్ళారని వాళ్ళకు తెలియాలి గదా.

"వేస్తాం," అన్నాడు సాహెబ్ నెమ్మదిగా. "ఒక రూపాయి."

"మరి గదే గద సారూ! మీరు గుంజ నాటరు, గంతే తేడా."

సాహెబ్ ముఖంలో అడుగు పొర అప్పుడు బయటపడింది. ఆయన నవ్వితే టోపీ అంచు పక్షి రెక్కల్లా ఊగింది. బోర్డు కింది మేకలు లేచి నిలబడ్డాయి.

నవ్వయ్యాక ఆయన మళ్ళీ గుంతలోకి దిగాడు. అధికారిగా పని పూర్తి చెయ్యాలి. రాజవ్వను వెళ్ళమనలేదు. ఇంకాస్త కిందికి పోయేసరికి ఇంకో బిళ్ళ వచ్చింది. నడుమ చిల్లి ఉన్న రాగి కాణీ.

"మా అమ్మది," అంది రాజవ్వ. అంతవరకూ ఇనుపగుండులా ఉన్న మనిషి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా అమ్మ చెప్తుండె. చిల్లికాణీ ఏసిన్రని మా నాయనమ్మ అలిగిందంట."

మిగిలిన మూడు గుంతలూ కూడా తవ్వి చూస్తే అదే లోతులో ఆగిపోయాయి. కింద గట్టి నేల. రాజదర్బారు, కల్యాణమండపం రెండూ కూలిపోయాయి. కానీ ఈ మొదటి గుంత మాత్రం ఆగలేదు. కాణీ కింద మట్టి రంగు మారింది. బూడిద కలిసిన పాత మట్టి, మా ట్రెంచ్‌లో ఆ పాతకాలపు కుండ పెంకులు దొరికే పొరలో ఉండేలాంటిదే. దాని అడుగున గుప్పెడు గింజలు. మాడి బొగ్గై, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి. నాణెం లేదు. నాణేలు పుట్టని కాలానికి నాణెం ఎక్కడిది? రాజవ్వ తాత ఎప్పుడో గుంజ పాతుదామని గునపం వేసినప్పుడు, చుట్టూ గట్టిగా ఉండి అక్కడ మెత్తగా తగిలి ఉంటుంది. అక్కడ అంతకుముందే ఎవరో గుంజ పాతారు గనక.

రాజవ్వ అంచు మీద చతికిలబడి ఆ నల్లటి గింజల మీదికి వంగింది.

"ఇది ఎవల పెండ్లి సారూ?"

సాహెబ్ తాపీ పక్కన పెట్టాడు. గింజలు గుంజ కింద కావాలని పోసినవై ఉండొచ్చు. ఎలుకలు దాచుకున్నవీ కావచ్చు. ఇల్లు తగలబడ్డప్పుడు రాలినవీ కావచ్చు. ఇదంతా ఆయన నాకు తర్వాత చెప్పాడు. ఆమెకు మాత్రం ఒక్క మాటే చెప్పాడు.

"తెలియదమ్మా."

ఆయన నోట ఆ మాట నేను అప్పటిదాకా వినలేదు. బహుశా జీపు కూడా విని ఉండదు.

పోలీసులకు రాసే మాట సాహెబ్ మళ్ళీ ఎత్తలేదు. ఇక శుక్రవారం సంగతి. కొత్తగా తవ్వడానికి చట్టం ఒప్పుకోదు. కానీ తవ్విన గుంత పూడ్చడం మా విధి. దాన్ని బ్యాక్‌ఫిల్లింగ్ అంటారు. సాహెబ్ రాత్రంతా చట్టాన్ని తిరగేసి, పొద్దున్నే గడ్డాన్ని రుద్దుకుంటూ వచ్చాడు.

"శంకర్, పూడ్చేటప్పుడు గుంతలో మట్టే ఉండాలని ఎక్కడా లేదు. నడుమ ఒక కర్ర అడ్డం వస్తే మనమేం చేస్తాం? దాని చుట్టూ పూడుస్తాం."

"లగ్గం అయినంక సార్?"

"కర్ర తీసేసి మిగతాది పూడుస్తాం. ఇది దఫాల వారీ బ్యాక్‌ఫిల్లింగ్."

గింజలన్నీ పరీక్షకని డబ్బాల్లోకి ఎత్తాం. పాత గుంత అడుగున ఇసుక పోసి, పాలిథిన్ పరిచి భద్రం చేశాం. సాహెబ్ ఆ ఏడాది ముద్రపడ్డ రూపాయి ఒకటి దాని మీద పెట్టాడు. రాజవ్వ పసుపు, నవధాన్యాలు, పాల చుక్క వేసి, తన ఇరవై పైసలు, తల్లి చిల్లికాణీ ఇస్తారేమోనని సాహెబ్ వైపు చూసింది. అవి శాఖ సొత్తయిపోయాయి పాపం, ఇవ్వడానికి లేదు. ఆమె కొంగుముడి విప్పి ఇంకో రూపాయి తీసింది, అదీ ఆ ఏడాదిదే. రెండు రూపాయలూ పక్కపక్కనే పడ్డాయి. ఏది శాఖదో, ఏది పెళ్ళిదో ఇప్పుడు తవ్వి తీసినా ఎవరూ చెప్పలేరు.

పచ్చి నేరేడు గుంజ, పసుపు పూసి, మామిడాకు కట్టి, నిలబెట్టాం. సరిగ్గా నిట్టనిలువుగా ఉందో లేదో నా తూకం గుండుతో నేనే చూశాను. చంద్రపూర్ జిల్లాలో అంత నిటారుగా నిలబడ్డ పందిరి గుంజ అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. చుట్టూ టెంట్ హౌస్ పైపులు, గిర్రున తిరిగే లైట్లు. సుజాత కోరికా తీరింది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ గెలిచిన పెళ్ళి అదొక్కటే చూశాను. పాఠక్ సాహెబ్ పట్టు ధోవతి కట్టుకుని వచ్చి, ఏడు లడ్డూలు తిన్నాడు. నేను లెక్కపెట్టలేదు, ఊరికే పెంచి చెబుతున్నాను.

తర్వాత నేను సెక్షన్ గీస్తుంటే పోచయ్య వచ్చి బల్ల మీదికి వంగాడు. "గిదంత ఏంది బిడ్డా?"

"ఇది నీ పెండ్లి పొర, బాపూ. మా భాషల దీన్ని మోడర్న్ డిస్టర్బెన్స్ అంటరు."

"అంటే?"

"పాత నేల మీద కొత్తగ జరిగిన అలజడి అన్నట్టు."

పోచయ్య ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మీ సార్ తక్కువోడు గాదు. నా పెండ్లి గురించి సరిగ్గనే రాసిండు."

చిల్లికాణీ పొరకూ కింది బూడిద మట్టికీ మధ్య గీత దగ్గర నా పెన్సిల్ ఆగింది. రాజవ్వ తాత తవ్వింది ఎక్కడ ఆగిందో, ఆ పాత మనిషి తవ్వింది ఎక్కడ మొదలైందో ఎంత చూసినా తేలలేదు. సాహెబ్ నా వెనక నిలబడ్డాడు. నిండు గీత గీసెయ్యమంటాడని ఎదురుచూశాను.

"చుక్కలు పెట్టు," అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో చోట్ల పనిచేశాను. గోడలున్నవి, కోటలున్నవి, టికెట్టు పెట్టినవి. అక్కడ గీతలు గీయడం సులువు, గోడ ఎక్కడ ఆగితే గీత అక్కడ ఆగుతుంది. మా గడ్డకు ఇప్పటికీ కంచె లేదు, ఫైలు ఇంకా పెరుగుతోందని విన్నాను. ఇప్పుడు పెళ్ళిళ్ళు రోడ్డు మీది ఫంక్షన్ హాళ్ళలో జరుగుతున్నాయి, గుంజలు నాటేవాళ్ళు లేరు. ఆ పల్లె మీదుగా పోయినప్పుడు మాత్రం నేను దిగి ఆ తావు దగ్గర కాసేపు నిలబడతాను. పైన గడ్డి తప్ప ఏమీ కనిపించదు. కింద ఎవరి పెళ్ళి మొదలో తేల్చని నా చుక్కల గీత ఉంది. నేను గీసినవాటిలో నాకు నమ్మకం ఉన్న గీత అదొక్కటే.